చేతి కడ్డీ మీద తుప్పు

మా బావ మంచివాడు. ఆ ఒక్క సంగతే నాకు పడదు.

చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది! నలుగురిలో కూర్చుని కడుపారా తిట్టుకునేవాణ్ణి, నలుగురూ అవునవునని తలలూపేవాళ్ళు. మా బావను తిడితే మాత్రం ఎదుటివాడు నా మొహంలోకి అదోలా చూస్తాడు. ఆఖరికి మా ఆవిడ కూడా, “మీకు కుళ్ళు కాకపోతే ఆయనలో ఏం వంక ఉందండీ?” అంటుంది. నాకు కుళ్ళే. కాదన్నదెవరు?

ఇది ఈనాటి కుళ్ళు కాదు. నా పదకొండో ఏట మొదలైంది. అమ్మ లేని ఇంట్లో నన్ను సాకింది మా అక్క. తల దువ్వింది, చొక్కాకు గుండీలు కుట్టింది, లెక్కలు రాకపోతే వీపు మీద ఒకటిచ్చి మళ్ళీ తానే చేసిపెట్టింది. అలాంటి అక్కను ఒక పొడుగాటి మనిషి వచ్చి పెళ్ళి చేసుకుని తీసుకుపోయాడు. ఆ మనిషి గూడ్స్ యార్డులో వ్యాగన్లు తనిఖీ చేసేవాడు. చేతిలో పొడుగు కర్రకు బిగించిన సుత్తి, జేబులో సుద్దముక్క. బండి వచ్చి ఆగగానే ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుస్తూ ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి, మోత విని, ఏది గట్టిగా ఉందో ఏది బీటలిచ్చిందో చెప్పాలి. బాగున్నదానికో గుర్తు, బాగాలేనిదానికో గుర్తు సుద్దతో వేయాలి. అదీ ఉద్యోగం. చేతిలో సుత్తి ఉంటే సరే, ఆయన నోట్లో కూడా సుత్తే. ఏ మాట మొదలుపెట్టినా మనల్ని యార్డులోకి తీసుకుపోయేవాడు. మనం తిరిగొచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది.

మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నన్ను మంచి చేసుకుందామని జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు. బొటనవేలంత లావు. విసిరికొడదామనుకున్నాను గానీ కొట్టలేదు. దాంతో వీధి గోడ మీద అక్క పేరు రాశాను, నా అంత ఎత్తు అక్షరాలతో. దారిన పోయేవాళ్ళు ఆగి, “ఎవర్రా రాసింది? చెయ్యి తిరిగినవాడి రాతలా ఉందే!” అన్నారు. ఆ చెయ్యే పెద్దయ్యాక ఈ ఊరి బోర్డులన్నీ రాసింది. మందుల షాపులు, టైలరింగ్ షాపులు, స్కూళ్ళు, లాడ్జీలు, ఎక్కడ చూసినా నేనే. అంటే నా వృత్తికి పునాది వేసిందీ ఆయనే అన్నమాట. ఒళ్ళు మండదూ?

బోర్డులు రాసేవాడి బతుకు గురించి ఒక మాట చెప్పాలి. ఊరినిండా నా రాత ఉంది, ఎక్కడా నా పేరు లేదు. బోర్డు కింద మూలన చిన్నగా తమ పేరు రాసుకునే పెయింటర్లు ఉన్నారు. మా గురువు ఒప్పుకునేవాడు కాదు. “బోర్డు షాపువాడిదిరా. నీ పేరు కావాలంటే నువ్వో షాపు పెట్టుకో” అనేవాడు. సరేనని ఊరుకున్నాను. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. నా రాతలు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఇప్పుడు పాత బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేసే కొట్టు మీద ఒక్కటి మిగిలింది, అది కూడా ఆ కొట్టువాడికి ఫ్లెక్సీ వేయించే ఓపిక లేకే.

అలా పని తగ్గిన రోజుల్లో బొమ్మరైళ్ళ క్లబ్బులో చేరాను. ఒక టైలరు షాపు మీద హాలు. హాలంతా బల్ల. బల్ల మీద పట్టాలు, సొరంగం, సిగ్నళ్ళు, గోరంత మనుషులు. మా అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. రైలు పెట్టెలు కొనడం అందరికీ వచ్చు. కొన్న గూడ్స్ వ్యాగన్ను అట్టపెట్టెలోంచి తీస్తే పెళ్ళికొడుకులా మెరుస్తుంటుంది. దాన్ని ఇరవై ఏళ్ళు ఎండకు ఎండి వానకు తడిసినట్టు చేయడం మాత్రం నాకే వచ్చు. ముందు మెరుపు చావడానికి మాట్ వార్నిష్. ఆ పైన నీళ్ళలా పల్చన చేసిన నల్లరంగు ఒకసారి పూసి, గుడ్డతో పైనుంచి కిందికి తుడిచేస్తే సందుల్లో మాత్రం మిగిలిపోతుంది. స్పాంజి ముక్కను చించి తుప్పురంగు అద్దాలి. ఆయిల్ రంగు చుక్క పెట్టి, టర్పెంటైన్‌లో తడిపిన బ్రష్షుతో కిందికి లాగితే తుప్పు కారినట్టు వస్తుంది. చివర్లో సుద్దపొడి దుమ్ము. పన్నెండేళ్ళపాటు క్లబ్బులో తుప్పంటే నేనే, మురికంటే నేనే. అక్కడ అది పొగడ్త.

రెండేళ్ళ కిందట బావ రిటైరయ్యాడు. మాకు రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. నెల తిరక్కుండా అక్క మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది.

“ఒరేయ్ తమ్ముడూ, ఈయనతో నేను పడలేను. ఫ్యాను మోత విని బేరింగు పోయిందంటాడు. పొద్దున్నే గ్యాస్ సిలిండరు మీద వేలితో కొట్టి చెవి పెట్టి వింటాడు. నీ క్లబ్బుకి తీసుకుపోరా, నీకు పుణ్యముంటుంది.”

తీసుకుపోయాను. నేర్పాను. మనసారా నేర్పాను, ఎందుకంటే ఆయనకు రాదని నాకు గట్టి నమ్మకం. ఆ చేతులు చూస్తే ఎవరికైనా అదే నమ్మకం కలుగుతుంది. అరటిపళ్ళలాంటి వేళ్ళు. ఆయన చేసిన మొదటి వ్యాగన్ బురదలో పొర్లిన గేదెలా వచ్చింది. “పరవాలేదు బావా, మెల్లగా వస్తుంది” అని భుజం తట్టాను. నా బతుకులో బావను అంత ప్రేమగా చూసుకున్న రోజులు ఆ నాలుగు నెలలే.

తర్వాత ఒక రోజు నేను చేస్తున్న వ్యాగన్ను కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

“బాగుందిరా బామ్మర్దీ. కానీ నీ తుప్పుకి తలకట్టు ఉంది.”

అందరూ గొల్లుమన్నారు. నేను చూసుకున్నాను. నిజమే. బోర్డులు రాసీ రాసీ బ్రష్షు పెట్టగానే నా చెయ్యి ముందు పైకి ఒక చిన్న విరుపు విరిచి, ఆ తర్వాత కిందికి దిగుతుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ప్రతి తుప్పు చార నెత్తినా ఒక చిన్న కొమ్ము. పన్నెండేళ్ళలో ఒక్కడూ కనిపెట్టలేదు, ఈయన నాలుగు నెలల్లో కనిపెట్టాడు.

“తుప్పు మనం పెట్టినచోటికి రాదురా,” అని మొదలుపెట్టాడు. “నీళ్ళు నిలిచినచోటికి వస్తుంది. తలుపు బందుల కింద, అడుగు అతుకుల్లో, దెబ్బ తగిలి రంగు లేచినచోట. పైన నున్నటి రేకు మీద దానికేం పని?”

ఎప్పుడూ వినని సుత్తి ఆ రోజు అందరూ విన్నారు. పన్నెండేళ్ళుగా నా భుజం మీదుగా తొంగిచూసిన పళ్ళ డాక్టరు కుర్చీ ఎత్తుకుపోయి బావ పక్కన వేసుకున్నాడు. కుర్చీ ఎత్తుకుని మరీ! ఏకులా వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంకో ఆరు నెలలకు ఆయన వ్యాగన్లు బల్ల మీద ముందు వరసలోకి వచ్చాయి. నావి సొరంగం దగ్గరికి జరిగాయి. ఎవరూ జరపలేదట, వాటంతటవే జరిగాయట.

ఈ మంట ఇలా ఉండగా స్టేషన్ నుంచి కబురొచ్చింది. వెయిటింగ్ హాలు కొత్తగా కట్టారు. అందులో గోడకు ఒక పెద్ద గాజుపెట్టె, పెట్టెలో పది వ్యాగన్ల గూడ్సుబండి ఉండాలట. కింద ఒక రేకు మీద, బండి చేసినవాళ్ళ పేరు. స్టేషన్ మాస్టరమ్మ తానే క్లబ్బుకొచ్చి చెప్పింది. పది వ్యాగన్లూ ఒక్క చేతి మీదే రావాలి, లేకపోతే అతుకులబొంతలా ఉంటుంది అని కూడా చెప్పింది.

కింద పేరు. ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ వినబడలేదు. రోజుకు కొన్ని వేలమంది నడిచే హాలు. రేకు మీద రాసేది ఎలాగూ నేనే, ఈ ఊళ్ళో చేత్తో రాసేవాడు ఇంకెవడున్నాడు? ఒక్కసారి, ఒక్క బోర్డు మీద, నా పేరు నేను రాసుకుంటాను. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, అడగకూడనిది అడిగానా?

“మరి ఎవరు చేస్తారు?” అంది ఆమె. డాక్టరు నా వైపు చూశాడు, బావ వైపు చూశాడు. చివరికి ఇద్దరూ తలొక బొగ్గు వ్యాగన్ చేసి తేవాలని, నెల తర్వాత ఆదివారం ఆమే వచ్చి ఎంచుతుందని తేల్చారు. బావ, “నాకెందుకమ్మా, మా బామ్మర్ది చేస్తాడు” అన్నాడు. అలా అన్నందుకు నాకు ఇంకా మండింది. ఆయన వదిలేస్తే నేను ఏరుకోవాలా? “లేదు బావా, నువ్వూ చెయ్యాల్సిందే” అన్నాను.

ఆదివారం ముందు శనివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. బాగుచేయించిన ఆమె గొడుగు ఇవ్వాలనేది సాకు. వెళ్ళింది ఆయన వ్యాగన్ చూడ్డానికే, దాచడమెందుకు? బావ క్షవరానికి వెళ్ళాడు. అక్క, “కూర్చో, డాబా మీద బట్టలు తీసుకొచ్చి కాఫీ పెడతాను” అని మెట్లెక్కింది. కిటికీ దగ్గర బల్ల మీద, దుమ్ము పడకుండా బోర్లించిన గిన్నె కింద, అదుంది. గిన్నె ఎత్తాను.

ఏం చెప్పను. అది బొమ్మ కాదు. పొద్దున బొగ్గు దింపి, మధ్యాహ్నం వాన తగిలి, ఇప్పుడే పక్క లైన్లో నిలబడినట్టుంది. తలుపు బందుల కింద తుప్పు కారి అడుగు అతుకులో చేరింది. ఒక రేకు మాత్రం మార్చినట్టుగా కాస్త కొత్త రంగులో ఉంది. లోపల అడుగంతా పారలు గీరి తెల్లబడింది. చక్రాల చుట్టూ బ్రేకుల పొడి. ఏ ఒక్కటీ అందం కోసం పెట్టింది కాదు. నా కళ్ళు మండాయి. నేను నేర్పిన నల్లరంగు, నేను నేర్పిన స్పాంజి, నేను నేర్పిన సుద్దపొడి, అన్నీ నావే, వ్యాగన్ మాత్రం నాది కాదు.

అప్పుడు కనబడింది. ఎడమ మూలన మెట్టు, మెట్టు పైన ఎక్కేటప్పుడు పట్టుకునే చేతి కడ్డీ. ఆ కడ్డీ మీద రంగే లేదు. ఇత్తడి తీగ తళతళలాడుతోంది. దాని వెనక రేకు మీద కూడా గోరంత మేర నున్నగా, శుభ్రంగా ఉంది. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు. ఇత్తడి తీగకు ముందు ప్రైమర్ పూయకపోతే రంగు ఊడొస్తుందని ఈయనకు వందసార్లు చెప్పాను. చెవిన పెట్టలేదు, ఊడింది, చూసుకోలేదు!

వదిలేసి వచ్చెయ్యవచ్చు. రేపు ఆమె చూసి తప్పు పడుతుంది, నేను గెలుస్తాను. అసలు అక్క దిగొచ్చాక, “బావ ఈ మూల ఎందుకు వదిలేశాడు?” అని అడగనూ వచ్చు. అడిగితే నేను ఆయన దగ్గర నేర్చుకుంటున్నట్టు ఉండదూ? ఇంకో ఆలోచన వచ్చింది. ఇది నేను సరిచేశాననుకో, రేపు ఆయన గెలిచినా, నా చెయ్యి పడకపోతే అది గట్టెక్కేదే కాదని నాకు తెలుస్తుంది. ఆయన గెలుపులో కూడా నా వాటా ఉంటుంది. కుళ్ళు ఎంత దూరం ఆలోచిస్తుందో చూడండి. ఆయన బ్రష్షే తీసుకుని, ఆయన డబ్బాలోంచే తుప్పురంగు తీసి, కడ్డీ నిండా పూశాను. వెనక రేకు మీద మూడు చారలు లాగాను. గిన్నె బోర్లించాను. అక్క దిగొచ్చింది. కాఫీ తాగి, చక్కెర తక్కువైందని ఆమెను నాలుగు మాటలని, ఇంటికొచ్చాను.

ఆదివారం హాలు నిండిపోయింది. అక్క అట్టపెట్టెలో సర్ది పంపిన బావ వ్యాగన్, నా వ్యాగన్ పక్కపక్కన పట్టాల మీద పెట్టారు. బావ వచ్చి తన వ్యాగన్ వైపు వంగాడు. ఆ మూల దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి నా వైపు ఒక్కసారి చూసి, కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకోలేదు గానీ, చూపు మాత్రం బల్ల మీది సిగ్నళ్ళ వైపు తిప్పుకున్నాను. ఎందుకో నాకే అర్థం కాలేదు. నేను చేసింది మరమ్మతే కదా!

స్టేషన్ మాస్టరమ్మ తండ్రి యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆమె పుట్టి పెరిగింది యార్డు పక్క క్వార్టర్స్‌లోనే. భూతద్దంతో బావ వ్యాగన్ చుట్టూ తిరిగింది. “అబ్బ, ఇదేంటండీ, అచ్చం మా యార్డులోదే తెచ్చి చిన్నది చేసినట్టుంది” అంది. అంతలో ఆ మూల దగ్గర ఆగింది.

“ఇక్కడేమైంది? ఈ కడ్డీకి ఇంత తుప్పేంటి? రోజుకి ఎంతమంది పట్టుకుని ఎక్కుతారు దీన్ని! చేతులు పడేచోట తుప్పు నిలుస్తుందా? మిగతాదంతా అంత నిజంగా చేసి, ఇక్కడికొచ్చేసరికి ఎవరూ ముట్టుకోని బండిలా చేశారు. ఈ చారలు కూడా... ఎవరో కూర్చుని రాసినట్టున్నాయి.”

చేతులు పడేచోటు. ఊడిపోయిన రంగు కాదది. ఆయన కావాలని తీసేసిన రంగు. నేను ఆయన వ్యాగన్లో ఉన్న ప్రాణం మీద బురద కొట్టాను.

ఆమె నా వ్యాగన్ దగ్గరికొచ్చింది. “దీనికీ అదే తప్పు. కానీ ఇది మొత్తం ఒకేలా, శుభ్రంగా ఉంది. పది ఇలా ఉంటే చూడ్డానికి బాగుంటుంది.” తర్వాత బావ వైపు తిరిగి, “మీరు యార్డు మనిషి కదా, ఆ కడ్డీ మీరెలా వదిలేశారు?” అని అడిగింది.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఒక్క మాట చాలు నా పరువు వీధిలో పడడానికి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

“చూపు తగ్గిందమ్మా,” అన్నాడు బావ. “ఆ మూల తప్పిపోయింది. మావాడికే ఇవ్వండి. వాడి చెయ్యి మంచిది.”

చప్పట్లు కొట్టారు. డాక్టరు మళ్ళీ కుర్చీ ఎత్తుకొచ్చి నా పక్కన వేసుకున్నాడు. ఆ కుర్చీ తీసి ఆయన నెత్తిన వేయాలనిపించింది. నేను గెలిచాను. నా పేరు గాజుపెట్టె కింద ఉండబోతోంది. ఇంటికెళ్ళి రెండు ముద్దలు కూడా మింగలేకపోయాను.

మర్నాడు పొద్దున అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతోంది. తలెత్తలేదు.

“అక్కా, కాఫీ...”

“నీళ్ళు తాగు.”

నీళ్ళే తాగాను. కాసేపటికి ఆమే అంది. “నాలుగు రోజులురా. నాలుగు రోజులు ఆ తీగని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. గరుకు కాగితంతో గీకితే గీతలు పడతాయి, వేలితోనే రావాలి, నిజం కడ్డీకి వేళ్ళతోనే వస్తుంది అన్నాడు. వేలు కందిపోయింది. ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే ఏమన్నాడో తెలుసా? ఇందులో రంగు, దుమ్ము, అన్నీ నీ తమ్ముడు నేర్పినవే, ఈ వేలెడు చోటొక్కటే నాది, అన్నాడు.”

నేను గ్లాసు కింద పెట్టాను.

“శనివారం ఆ గదిలోకి నువ్వు తప్ప ఎవరూ రాలేదు. నా నోటితో నేనేం అడగను. వెనక వరండాలో ఉన్నాడు, పో.”

పోయాను. బావ చిన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆ వ్యాగన్. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డపేలికతో నా తుప్పును మెల్లగా తుడుస్తున్నాడు.

“బావా, ఆ మూల...”

“తెలుసులే. తలకట్టు పెట్టి మరీ పోయావు. నీ చెయ్యి నాకు తెలీదా?”

“మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీ అక్క నిన్ను గడప తొక్కనివ్వదు. నువ్వు రాకపోతే దిగులుపడి నాకు అన్నం వండదు. నా బాధ నాది.”

నవ్వుదామనుకున్నాను. ఏడుపొచ్చింది. “పాడుచేద్దామని చేయలేదు బావా. రంగు ఊడిందనుకున్నాను. కానీ మంచి మనసుతోనూ చేయలేదు. నువ్వంటే నాకు చిన్నప్పట్నుంచీ కుళ్ళు” అని చెప్పేశాను. చెప్పాక సిగ్గు ముంచుకొచ్చింది.

బావ గుడ్డపేలిక పక్కన పెట్టాడు. “నీకొక్కడికే అనుకున్నావా? నువ్వు బోర్డులు మొదలుపెట్టిన కొత్తలో మీ అక్కతో బజారుకెళ్ళేవాణ్ణి. ప్రతి షాపు ముందూ ఆగడం, ఇది మా తమ్ముడు రాశాడు, అది మా తమ్ముడు రాశాడు. వీధి మొత్తం నువ్వే. ఎక్కడికెళ్ళినా నువ్వే. ముప్ఫై ఎనిమిదేళ్ళు నేనూ రాశానురా, సుద్దతో, రోజుకి వంద వ్యాగన్ల మీద. ఒక్కటి చూపించగలనా మీ అక్కకి? బండి కదిలి పోయేది. మొదటి వానకి గుర్తు పోయేది. నీ బోర్డులు చూసినప్పుడల్లా కుళ్ళుకునేవాణ్ణి. ఆ ఫ్లెక్సీలు వచ్చినప్పుడు...” ఆగాడు. “వద్దులే.”

“సంతోషించావా?”

“ఒక్కరోజు. మర్నాడు మీ అక్క మొహం చూశాక పోయింది.”

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం తేలికైంది. దేవుడిలాంటి మనిషి కాదు, నాలాంటివాడే.

ఆ రోజే స్టేషన్‌కు వెళ్ళి మాస్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె టేబుల్ మీద పెన్ను పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “మీ వయసెంతండీ?” అంది. చెప్పాను. “మా చిన్నోడికి ఆరేళ్ళు. వాడు నయం” అంది. బండి బావకే ఇచ్చింది.

పది వ్యాగన్లు చేయడానికి ఐదు నెలలు పట్టింది. వ్యాగన్ల మీద నంబర్లు మాత్రం నేనే రాశాను, ఆ చిన్న అంకెలు బావ వేళ్ళకు లొంగవు. మిగతా సమయమంతా పక్కన కూర్చుని చూశాను. ఒక రోజు బావ నా బొటనవేలు పట్టుకుని ఒక చేతి కడ్డీ మీద పెట్టి, అక్షరాలు దిద్దించినట్టు రుద్దించాడు. “గట్టిగా కాదురా, ఎక్కేవాడు దాన్ని పట్టుకుంటాడు, పీకడు” అన్నాడు. నేర్చుకున్నాను. చివరి వ్యాగన్ మీద ఆయన సుద్ద చెక్కి మొన తేల్చి, బండి బాగుందనే తన పాత గుర్తు వేశాడు, ఒక అడ్డగీత, పక్కన చిన్న సున్నా. ఆయన కాఫీకి లేచినప్పుడు దాని మీద వార్నిష్ కొట్టేశాను. ఈసారి అడగకుండా చేసిందానికి నాకు భయం వేయలేదు.

తర్వాత రేకు. ఆకుపచ్చ నేల, తెల్ల అక్షరాలు, ఎర్ర నీడ. బావ పేరు. దాని కింద ఇంకో పేరుకు సరిపడా చోటుంది.

“నీదీ రాయరా,” అన్నాడు బావ. “నంబర్లు నువ్వు రాశావుగా.”

“బోర్డు షాపువాడిది బావా” అన్నాను. అది మా గురువు మాట. నాకు మాత్రం బ్రష్షు ముంచినా చెయ్యి రాలేదు, అంతే. ఆ ఖాళీ చోట ఒక సన్నటి గీత లాగి వదిలేశాను. రాసినంతసేపూ కడుపు మండుతూనే ఉంది. అంత మంటలోనూ ఒక్క అక్షరం వంకర పోలేదు. అంత బాగా నేను ఇంకెప్పుడూ రాయలేదు.

గాజుపెట్టె తెరిచిన రోజు మేం ముగ్గురం హాల్లో ఓ పక్కన నిలబడ్డాం. జనం బండి చూస్తున్నారు, పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నారు. బావ చేతులు వెనక్కి కట్టుకుని, ఏమీ పట్టనట్టు మొహం పెట్టుకుని, చెవులు మాత్రం అటే పెట్టాడు. సంచి మోసుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడ పెట్టె ముందు ఆగింది. బండి వైపు చూడనే లేదు. వంగి రేకు మీద పేరును ముందు చదివింది, తర్వాత వేలితో ఒక్కో అక్షరం మీద రాస్తున్నట్టు తడిమింది.

“ఎంత చక్కటి రాత! ఈ రోజుల్లో ఇలా రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా? ఎవరు రాశారో పేరు వేయలేదు, పాపం” అని పక్కనున్న మనవరాలితో అని, రైలు టైమైందని వెళ్ళిపోయింది.

బావ మొహం చూశాను. మాడిపోయింది. “బండి వైపు చూడనే లేదు,” అన్నాడు. “పది వ్యాగన్లు! ఒక్కటి చూడలేదు!”

“మా తమ్ముడి రాత మరి” అంది అక్క.

ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేశాను. బావ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.